రోజుకు రెండే ఎందుకు?

ఆర్గనైజేషనల్ బిహేవియర్ (సంస్థల్లో మనుషులు ఎలా నడుచుకుంటారో చెప్పే సబ్జెక్టు) పాఠం మొదలవగానే హాథార్న్ ఫ్యాక్టరీలో వెలుతురు మార్చి పని ఎలా మారుతుందో చూసిన లైట్ల ప్రయోగం చెబుతారు. ఆఫీసులో టీమ్ నడిపేవాళ్లకు నిజంగా పనికొచ్చేది మాత్రం అదే ఫ్యాక్టరీలో చివర్లో జరిగిన పరిశీలన అని నా అభిప్రాయం.

షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఫ్యాక్టరీ అది. 1931 నవంబరు నుంచి 1932 మే వరకు 14 మందిని విడిగా ఒక గదిలో పనిచేయించి, ఏం జరుగుతోందో చూసి రాసుకోవడానికి ఒక మనిషిని అక్కడే కూర్చోబెట్టారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పరికరాలకు తొమ్మిది మంది తీగలు బిగిస్తారు, ముగ్గురు సోల్డరింగ్ చేస్తారు, ఇద్దరు తనిఖీ చేస్తారు. కూలి జట్టు మొత్తం చేసిన పనిని బట్టి. అంటే ఒకడు నాలుగు ఎక్కువ బిగిస్తే అందరికీ లాభమే.

అయినా వాళ్ల లెక్క వాళ్లకుంది: రోజుకు రెండు పరికరాలు, అంటే 6,000 నుంచి 6,600 కనెక్షన్లు. కంపెనీ లక్ష్యం 7,312. దాటబోయినవాడికి జబ్బ మీద ఒక గుద్దు పడేది. మరీ తక్కువ చేసేవాడికీ మాటలు తప్పవు. ఎక్కువైన రోజున కొంత దాచుకుని, తగ్గిన రోజు లెక్కలో కలిపేవారు. చేతకాక కాదు సుమా. అందరికన్నా తక్కువ చేసిన మనిషి తెలివితేటల పరీక్షలో మొదటివాడు, చేతి నేర్పులో మూడోవాడు.

ఎందుకలా? ఎక్కువ చేస్తే రేటు కోసేస్తారని, లక్ష్యం పెంచుతారని, కొందరిని ఇంటికి పంపేస్తారని భయం. ఆర్థిక మాంద్యం రోజులవి, చివరికి పని లేకే ఆ గది మూసేశారు. అందుకే దాన్ని బద్ధకం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

మీ టీమ్‌లో ఇలాంటిది ఉందో లేదో తెలియాలంటే ఆరు వారాల రోజువారీ లెక్క మనిషి మనిషికీ విడిగా గీసి చూడండి. సహజంగా చేసే పని ఎగుడుదిగుడుగా ఉంటుంది. రోజుకు ఎనిమిది టిక్కెట్లు (పరిష్కరించాల్సిన పనులు), మళ్లీ ఎనిమిది, మళ్లీ ఎనిమిది అని గీత బల్లపరుపుగా కనిపిస్తే అక్కడ ఎవరూ రాయని రూలు ఒకటి నడుస్తోందని అనుమానించాలి. పరికరాల వల్లో, వేరే టీమ్ ఆలస్యం వల్లో ఆగిపోతోందేమో ముందు చూసుకోండి.

ఆ తర్వాత ఒకటే అడగండి: "పని తొందరగా అయిపోతే ఏమవుతుంది?" "ఇంకోటి నెత్తిన పడుతుంది" అన్నారంటే కారణం దొరికినట్టే. ఇన్సెంటివ్ పెంచితే సరిపోతుందనుకుంటారు చాలామంది. డబ్బు ఆ గదిలోనూ ఉంది, లేనిది నమ్మకం. పద్ధతో, సాఫ్ట్‌వేరో మారితే తప్ప ఏడాదిపాటు టార్గెట్ కదపబోమని రాసిచ్చి, ఆ మాట మీద నిలబడండి. ఒక్క మంచి నెల చూసి పెంచారా, మొదటికే మోసం.

ఈ మాటలు అప్రైజల్ రోజున పెట్టుకోవద్దు, తీరిగ్గా వినగలిగిన రోజున పెట్టుకోండి. హాథార్న్‌లోనే, 1928 నుంచి జరిపిన ఇంటర్వ్యూల్లో మొదట ప్రశ్నల జాబితా పట్టుకుని కూర్చుంటే అరగంటలో ముగిసేవి. జాబితా పక్కన పెట్టి, వాళ్లు చెప్పింది వినడం మొదలుపెట్టాక గంటన్నర సాగాయి.