యోకిచ్‌ను ఇచ్చేసిన ఆ మార్పిడి గురించి

మూడు క్రీడలను కలిపి ఆడే మా ఫాంటసీ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లను మన జట్టులోకి ఎంచుకుని, వాళ్ల అసలు ఆటను బట్టి పాయింట్లు పొందే ఆట), 2024 వేసవిలో నేను బాస్కెట్‌బాల్ ఆటగాడు నికోలా యోకిచ్‌ను మా బావకు ఇచ్చి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీని తీసుకున్నాను. సీజన్‌లో యోకిచ్ ఆడే బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్టు 82 మ్యాచ్‌లు, మెకాఫ్రీ ఆడే ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు 17 మ్యాచ్‌లే ఆడతాయి కాబట్టి, మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లన్నది కాక, అదే స్థానంలో ఎవరూ తీసుకోకుండా మిగిలిన ఆటగాడికన్నా మనం తీసుకునే ఆటగాడు సీజన్ మొత్తంలో ఎంత ఎక్కువ తెస్తాడో చూడాలని నోటు పుస్తకంలో రెండు నిలువు గీతలు గీసి లెక్క వేశాను. మెకాఫ్రీలా బంతి పట్టుకుని పరుగెత్తే మంచి రన్నింగ్ బ్యాక్‌లు అరుదు కనుక మెకాఫ్రీ వైపే మొగ్గాను. ఆ పద్ధతి సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను, కానీ అందులో గాయాలకు చోటివ్వలేదు. మెకాఫ్రీ ఆ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లే ఆడాడు. యోకిచ్ మ్యాచ్‌కు సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10.2 అసిస్టులు (బాస్కెట్‌కు దారితీసే పాస్‌లు) సాధించాడు. బావ నిన్న రాత్రి మరో ప్రతిపాదన పంపాడు. అందులోని ఆటగాడు గత మూడేళ్లలో ఎన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడో రాసుకున్నాకే బావకు జవాబిస్తాను.