కన్ను చేతితో చెప్పజాలని మాట

"కన్ను చేతితో–నీవు నాకక్కరలేదని చెప్పజాలదు." సంఘాన్ని ఒంటితో, మనుషుల్ని అవయవాలతో పోలుస్తూ పౌలు రాసిన మాట, మొదటి కొరింథీ 12:21. డోర్నకల్ వైపు మన ఊళ్లలో సండే స్కూల్లో దాన్ని బంగారు వాక్యంగా కంఠతా అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో ఉప్పల్‌లో, మల్కాజ్‌గిరిలో, బొల్లారంలో స్థిరపడ్డారు. "మీ చర్చి మెంబర్‌షిప్ ఎక్కడ?" అని అడగండి. "ఊళ్లోనే ఉంచుకున్నాం" అంటారు. రేషన్ కార్డు ఉంచుకున్నట్టు, గుడి (చర్చి) వెనక రెండు గుంటల జాగా ఉంచుకున్నట్టు.

ఆదివారం పొద్దున ఊరి గుడి ఆరాధన ఫోన్‌లో లైవ్ వస్తుంది. టిఫిన్ తింటూ చూస్తాం. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో, ఎవరు కొత్త చీర కట్టారో అన్నీ కనబడతాయి. కన్ను ఊరికి పోయింది, చెయ్యి మాత్రం ఇడ్లీ ప్లేటు దగ్గరే ఉంది. పౌలు వద్దన్నది సరిగ్గా ఇదే.

మన తెలుగు బైబిలు ఇక్కడ ఒక మేలు చేసింది. ఇంగ్లీషులో 'మెంబర్' అంటే ఒకప్పుడు ఒంట్లో భాగమే, తర్వాత క్లబ్బుకూ సొసైటీకీ అదే మాట అయింది. మనకు ఆ గందరగోళం లేదు. 27వ వచనంలో "వేరు వేరుగా అవయవములై యున్నారు" అని తేటగా ఉంది. చందా రసీదు మీద మాత్రం 'సభ్యుడు' అని రాసుకున్నాం. సభ్యుడు సభకు రాకపోయినా సభ్యుడే, కోరం తగ్గుతుందంతే. చెయ్యి ఊళ్లో, ఒళ్లు ఉప్పల్‌లో ఉంటే దాన్ని ఏమనాలో ఆస్పత్రి వాళ్లను అడగాలి.

మన ఊరి గుళ్లకు ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) పద్ధతి వచ్చిన 1662 నాటి ప్రార్థన పుస్తకంలో ఆరాధన మాటలతో పాటు చిన్న అక్షరాల్లో కొన్ని సూచనలు ఉంటాయి. వాటిని ఎవరూ చదవరు. చదవాలి. సంఘంలోని ప్రతి ఒక్కరూ ఏటా కనీసం మూడుసార్లు ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారంలో) చేరాలి, అందులో ఒకటి పునరుత్థాన పండుగ కావాలి. చేరదలచినవాళ్లు ముందురోజే అయ్యగారికి (పాస్టరుకు) పేరు చెప్పాలి. ఇద్దరి మధ్య పగ ఉందని తెలిస్తే వాళ్లు సమాధానపడేదాకా బల్ల దగ్గరికి రానివ్వకూడదు. అన్నిటికంటే గట్టిది ఇంకొకటి ఉంది. బల్లలో చేరదగినవాళ్లు ఇరవై మందికి మించని చిన్న సంఘమైనా సరే, అయ్యగారితో కలిసి నలుగురో, తక్కువలో తక్కువ ముగ్గురో పుచ్చుకోకపోతే సంస్కారమే జరపకూడదు.

అభిషేకం పొందిన గురువుకు కూడా ఒంటరిగా రొట్టె విరిచి తినే హక్కు లేదన్నమాట. మనం మాత్రం లైవ్ పెట్టుకుని, రొట్టె ముక్క, ద్రాక్షరసం పక్కన పెట్టుకుని ఒంటరిగా పుచ్చుకుంటాం! మంచం పట్టినవాళ్ల సంగతి వేరు. వాళ్ల ఇంటికి అయ్యగారే వెళ్తారు, వెంట ఇద్దరు ముగ్గురు వెళ్లి కలిసి పుచ్చుకోవాలి. కాళ్లూ చేతులూ ఆడుతున్నవాళ్ల గురించే ఈ బాధ.

ముందురోజు పేరు చెప్పమనడం దండన కోసం పెట్టింది కాదు. పాస్టరేట్ (ఒక అయ్యగారి కింది సంఘాలు) కింద ఏడెనిమిది ఊళ్లున్నచోట అయ్యగారు ఒక్కో గుడికి నెలకోసారే రాగలరు. మిగతా వారాలు ఊళ్లో ఉండే ఉపదేశే ఆరాధన నడిపిస్తాడు. శనివారం సాయంత్రం పేర్లు వస్తే ఎవరింట్లో జ్వరమో, ఎవరు గట్టు తగాదాలో ఉన్నారో తెలుస్తుంది. రాత్రికి ఇద్దరిని కూర్చోబెట్టి మాట్లాడే వీలుంటుంది. ఆదివారం ఆరాధన మధ్యలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. రొట్టె కూడా లెక్కకు సరిపోదు.

ఇక చెయ్యి దగ్గరికి వద్దాం. ఊరి సంఘంలో చేతికి నాలుగు పనులున్నాయి. అవి తెలిస్తే సభ్యత్వం ఏమిటో తెలిసినట్టే.

మొదటిది తల మీద చెయ్యి. డోర్నకల్ మొదటి బిషప్, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు వి.ఎస్. అజరయ్యగారు (1912లో అభిషేకం). బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని చెప్పించేవారు. అదీ మొదటి కొరింథీలోదే, 9:16. సంఘంలో చేరిన రోజే తన చెయ్యి తన మీద సాక్షి. ఇప్పుడు బాప్తిస్మం రోజు ఆ చేతిలో ఫోను ఉంటోంది.

రెండోది గుప్పెడు బియ్యం. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చులకన చేసినంతగా మనం దేన్నీ చులకన చేయలేదు. ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు, కడగకముందే, ఇంటికి కొలవకముందే, ఒక గుప్పెడు తీసి గుడి కోసం ఇంట్లో పెట్టుకున్న కుండలో వేయాలి. వండగా మిగిలిన బియ్యం వేస్తే అది కానుక కాదు, సర్దుబాటు. రోమా 11:16 చూడండి: "ముద్దలో మొదటి పిడికెడు పరిశుద్ధమైనదైతే ముద్దంతయు పరిశుద్ధమే." పిడికెడు! మన వంటింటి కొలతే. గుప్పెడు సుమారు 40 గ్రాములనుకుంటే, రెండు పూటలకు 80, నెలకు 2 కిలోల 400 గ్రాములు. ముప్పై ఇళ్లుంటే 72 కిలోలు. కూలికి పోయే ముప్పై ఇళ్ల ఆడవాళ్లు ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా ఉపదేశి ఇంటికి తిండి పెట్టగలరు.

ఎక్కడ చెడుతుందంటే, ప్లాస్టిక్ కవర్లో నెలంతా మూట కట్టి పెడితే చెమ్మ పట్టి ముక్కిన వాసన వస్తుంది, పురుగు పడుతుంది. మట్టికుండో స్టీలు డబ్బానో వాడాలి. అడుగున ఎండిన వేపాకు, రెండు ఎండుమిరపకాయలు వేసి, తడి చెయ్యి పెట్టకుండా చూడాలి. నూకలు, సన్నబియ్యం, దొడ్డుబియ్యం కలిపేస్తే గుళ్లో ఆ బియ్యం వేలం వేసినప్పుడు ఎవరూ పాడరు, వేరువేరుగా తేవాలి. నెల మొదటి ఆదివారం తెచ్చేదాన్ని మూడు నెలలకోసారి తెస్తే సగం పురుగులపాలు. హైదరాబాద్ నుంచి "మా పేరున ఒక బస్తా కొని ఇవ్వండి" అని ఫోన్‌పే చేసేవాళ్లున్నారు. బస్తా మంచిదే, కాదనను. కానీ అందులో మొదటి పిడికెడు ఏది? నగరంలో కూడా కుక్కర్ పెట్టే ముందు గుప్పెడు తీయొచ్చుగా!

చందా కూడా ఇలాంటిదే. పాస్టరేట్ నెలనెలా డయాసిస్‌కు (బిషప్ కింది ప్రాంతానికి) తన వాటా అసెస్‌మెంట్ కట్టాలి, ఉపదేశి జీతం ఇవ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. పదకొండు నెలలు మర్చిపోయి, పాస్టరేట్ కమిటీ ఎన్నికల ముందో గుళ్లో చదివే ఇంట్లో పెళ్లి ప్రకటనల ముందో బకాయి మొత్తం ఒక్క రసీదుతో కట్టేస్తే లెక్క సరిపోతుంది. ఆ పదకొండు నెలలూ ట్రెజరర్ ఎవరి దగ్గర అప్పు తెచ్చాడో రసీదు చెప్పదు. ఓటింగ్ రోజు మాత్రం కార్లు బారులు తీరతాయి.

మూడోది సమాధానపు చెయ్యి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా ఇతర సంఘాలవాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. ఆ ఐక్యత కోసం పాటుపడిన అజరయ్యగారు దాన్ని చూడకుండానే 1945 జనవరి 1న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. 1950లో వచ్చిన సంస్కార క్రమంలో సమాధానాన్ని చేతి నుంచి చేతికి అందించే పద్ధతి పెట్టారు. మన దగ్గర చూసి తర్వాత పశ్చిమ దేశాల సంఘాలు కూడా దాన్ని మళ్లీ అలవాటు చేసుకున్నాయి. చేయడం ఎలాగంటే, ఇచ్చేవారు తమ కుడి అరచేతిని ఎదుటివారి కుడి అరచేతికి ఆనించాలి. ఇద్దరూ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూయాలి. బల్ల దగ్గర అయ్యగారి నుంచి మొదలై, ఒకరి నుంచి ఒకరికి, వరుస వరుసకూ పోవాలి.

అంటే ఆ సమాధానం మీది కాదు, మీకు వచ్చింది, మీరు అందించాలి. కరోనా తర్వాత చాలాచోట్ల నిలబడి నాలుగు దిక్కులకూ నమస్కారం పెట్టేసి కూర్చుంటున్నాం. నమస్కారం ఎవరికైనా పెట్టొచ్చు, గట్టు తగాదా ఉన్నవాడికి కూడా, అతని ముఖం చూడకుండానే. అరచెయ్యి ఆనించాలంటే ముఖం చూడాలి. ముందు వరుసల్లో ఉద్యోగస్థులు ఒకరితో ఒకరు చేతులు కలుపుకుని ఆపేస్తే, గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నవాళ్లకు ఏమీ అందదు.

నాలుగోది గుప్పెడు మట్టి. ఊళ్లో మరణం జరిగితే గుడి గంట కొడతారు, సంఘంలో మగవాళ్లు పార, గడ్డపార పట్టుకుని వెళ్తారు. ఆరడుగుల లోతుకు నలుగురైదుగురు మార్చుకుంటూ తవ్వినా మూడు నాలుగు గంటలు పడుతుంది. వానాకాలం నల్లరేగడిలో ముందురోజే తవ్వితే గోడలు విరిగి పడతాయి, నీరు ఊరుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి ప్రార్థన వేళకు ముగించాలి. నగరం నుంచి శవాన్ని తెచ్చేవాళ్లు బయల్దేరేటప్పుడే కచ్చితమైన వేళ చెప్పాలి. చెప్పకుండా రాత్రి ఏడింటికి దిగితే, తవ్వినవాళ్లు ఆ రోజు కూలి పోగొట్టుకుని టార్చిలైటు పట్టుకుని నిలబడతారు. వాళ్ల ఇంట్లో మరణమైనప్పుడు మనం ఎన్నిసార్లు పార పట్టాం?

నిజంగా హైదరాబాదే ఇల్లయితే పేరు ఇక్కడికి తెచ్చుకోండి, తప్పేం లేదు. ఊరు డోర్నకల్ డయాసిస్‌లో ఉంది, నగరం మెదక్ డయాసిస్ కిందికి వస్తుంది. కాబట్టి ట్రాన్స్‌ఫర్ లెటర్ తప్పకుండా కావాలి. అందులో ఇంట్లో అందరి పేర్లు, బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలు, చందా ఏ నెల దాకా కట్టారో రాయించుకోవాలి. అయ్యగారి సంతకం, పాస్టరేట్ ముద్ర ఉండాలి. లెటర్ ఇక్కడ ఇచ్చాక ఊరి రిజిస్టరులో పేరు తీసేశారో లేదో కనుక్కోవాలి. రెండుచోట్లా పేరున్నంత మాత్రాన రెండుచోట్లా అవయవమైనట్టు కాదు. ఆధార్‌లో ఒక పేరు, గుడి రిజిస్టరులో ఒక పేరు ఉన్నవాళ్లు పెళ్లి ప్రకటనలు మూడు ఆదివారాలు చదివించే ముందే సరిచూసుకోవాలి. 

పేరు ఊళ్లోనే ఉంచుకోదలిస్తే సికింద్రాబాద్‌లో రైలెక్కండి. కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటితే డోర్నకల్. శనివారమే వెళ్లి అయ్యగారికి పేరు చెప్పండి. ఆదివారం ముందు వరుసలో కుర్చీ వేస్తారు, వద్దనండి. గుమ్మం దగ్గర చాప మీద కూర్చోండి, సమాధానం అక్కడిదాకా వస్తుందో లేదో తెలుస్తుంది. రాకపోతే లేచి ముందుకు వెళ్లి మీరే తీసుకొచ్చి, చాప మీద ఉన్న ముసలమ్మ చేతిలో పెట్టండి.