హ్యాండ్ బ్రేకు వేయని కారు

నలభై రెండేళ్ల వయసులో, కారు వెనక అద్దానికి, ఇక్కడ కొత్తగా లైసెన్సు వచ్చినవారు పెట్టుకోవలసిన ఆకుపచ్చని ‘ఎల్’ పలక తగిలించుకుని, వలెన్సియా నుంచి ఎల్ పల్మార్ అనే పల్లెకు బయలుదేరాను. విజయవాడ బెంజి సర్కిల్ మీదుగా పదిహేనేళ్లు కారు నడిపిన అనుభవానికి స్పెయిన్ కట్టిన విలువ ఆరు నెలలు. ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న ఆరు నెలల తరువాత మన లైసెన్సు చెల్లదు. దాన్ని ఇచ్చి ఇక్కడి లైసెన్సు పుచ్చుకునే వీలూ భారతీయులకు లేదు. అందుచేత ముప్ఫై ప్రశ్నల రాతపరీక్షలో మూడు తప్పులు దాటకుండా గట్టెక్కి, నా కంటే పదేళ్లు చిన్నవాడైన శిక్షకుడి పక్కన కూర్చుని మళ్లీ ఓనమాలు దిద్దుకున్నాను. ఇక్కడ లైసెన్సుతో పాటు పాయింట్లు ఇస్తారు, పెద్ద తప్పులు చేస్తే అవి తగ్గుతాయి. అందరికీ 12 ఉంటే కొత్తవాడికి ఇచ్చేవి ఎనిమిదే. దరఖాస్తులో రెండు ఇంటిపేర్లకు రెండు గడులున్నాయి, ఇక్కడివారు తండ్రి ఇంటిపేరునూ తల్లి ఇంటిపేరునూ జంటగా మోస్తారు. నా రెండో గడి ఖాళీగా ఉండటం చూసి కౌంటరులోని ఆవిడ నా వైపు కాస్త జాలిగానే చూసింది.

మే నెల ఆదివారం ఉదయం కిందికి దిగేసరికి మా కారుకు అడ్డంగా మరో కారు నిలిపి ఉంది. దీన్ని ఇక్కడ ‘దోబ్లె ఫీలా’, అంటే రెండో వరుస, అంటారు. చట్టప్రకారం తప్పే. అయినా జీబ్రా గీతల మీద పాదచారి కాలు మోపకముందే భక్తిగా బండి ఆపే మనిషే, అయిదు నిమిషాల తరువాత అంతే నిశ్చింతగా ఇతరుల కారుకు అడ్డంగా తన కారు పెట్టి కాఫీకి వెళ్లిపోతాడు. నా చెయ్యి అలవాటుగా హారన్ మీదికి పోయింది. అంతలో కుక్కతో షికారుకు వెళుతున్న ఎదురింటి పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఆ కారు వెనక్కి వెళ్లి నడుముతో ఒక్క నెట్టు నెట్టాడు. అది మంచి ఎద్దులా మూడు గజాలు ముందుకు నడిచి ఆగింది. రెండో వరుసలో కారు పెట్టేవాడు గేరు తీసేసి, హ్యాండ్ బ్రేకు వేయకుండా వెళ్లడం ఇక్కడి మర్యాదట. మీట నొక్కితే పడే కొత్తరకం బ్రేకులు వచ్చి ఈ మర్యాదను పాడుచేస్తున్నాయని ఆయన బాధపడ్డాడు.

ఊరు దాటేలోగా నన్ను ఏడిపించినవి రోతొండలు, అంటే కూడలిలోని గుండ్రటి తిరుగుళ్లు. లోపల తిరుగుతున్నవాడికి దారి ఇవ్వాలి, బయటికి పోవాలంటే ముందుగా అన్నిటికంటే బయటి వరుసలోకి చేరాలి, చేరలేకపోతే మరో చుట్టు తిరగాలి. పుస్తకంలో ఇది తేలికే. లోపలి వరుస నుంచి సూటిగా బయటికి దూకే స్థానికులను చూశాక ఆ పుస్తకం చదివింది నేనొక్కడినేనేమో అనిపించింది. నేను మూడో చుట్టు మొదలుపెట్టగానే పక్క సీట్లోని మా ఆవిడ, “ప్రదక్షిణలు మూడు చాలండీ, ఇక బయటికి పోదాం” అంది. తిప్పలు అంతటితో ఆగలేదు. ఇక్కడి కార్లలో స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. గేరు కోసం ఎడమ చెయ్యి తలుపును తడుముతుంది, సిగ్నల్ వేయబోతే నిర్మలమైన ఆకాశం కింద వైపర్లు ఆడతాయి.

ఎల్ సలేర్ అనే ఊరు దాటాక ఎడమ పక్కన పైన్ చెట్లు, వాటి వెనక సముద్రం. కుడి పక్కన అల్బుఫెరా సరస్సు, దాని చుట్టూ నీరు పెట్టిన వరిచేలు. అమలాపురం వైపు పుట్టినవాణ్ని కాబట్టి కారు ఆపకుండా ఉండలేకపోయాను. గట్లు, బోదెలు, కొంగలు అన్నీ మనవే. నాట్లు వేసే ఆడవాళ్లు మాత్రం లేరు, ఇక్కడ ఎక్కువగా విత్తనం వెదజల్లుతారు.

పన్నెండున్నరకే ఎల్ పల్మార్ చేరి హోటల్లో కూర్చుంటే, వంటిల్లు ఒంటిగంటన్నరకు తెరుస్తామన్నారు. ఇక్కడివారి ఆలస్యపు భోజనాలను మొదట్లో బద్ధకం అనుకున్నాను. గ్రీనిచ్ రేఖ వలెన్సియా ప్రాంతం మీదుగానే పోతుంది కాబట్టి ఇక్కడ లండన్ సమయమే ఉండాలి, కానీ 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకు జరిపి బెర్లిన్‌తో కలిపింది. వేసవిలో ఇంకో గంట కలుస్తుంది. కాబట్టి మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండింటికి. అంటే వీళ్లు మా తాతల్లాగే పొద్దు చూసి తింటున్నారు, గడియారమే తప్పు చెబుతోంది.

పాయెయా వచ్చేసరికి రెండున్నర. కోడి, కుందేలు, వెడల్పాటి చిక్కుళ్లు, కుంకుమపువ్వు వేసి వెడల్పు మూకుడులో వండిన అన్నం. ఉల్లిపాయ వేస్తారా అని అడిగినందుకు వడ్డించే అబ్బాయి ముఖం చిన్నబోయింది. మూకుడు అడుగున పట్టిన మాడుచెక్కను ‘సొకర్రాత్’ అంటారు. పక్క బల్ల దగ్గర ఓ కుటుంబం దానికోసం చెంచాలతో పోట్లాడుకుంటోంది. మా ఇంట్లో దాన్ని గోకి తినే హక్కు నాయనమ్మది.

రాత్రి పదింటికి మా వీధికి తిరిగి వచ్చి, ఖాళీ కోసం నలభై నిమిషాలు తిరిగాను. చివరికి తాళాలు చేతిలో పట్టుకుని ఒకాయన తన కారు వైపు నడుస్తూ కనిపించాడు. వెళుతున్నారా అని అడిగితే తల ఊపి, తలుపు తీసి, మేడ మీది బాల్కనీలో నిలబడ్డ స్నేహితుడితో కబుర్లు మొదలుపెట్టాడు. పావుగంట గడిచింది. నా వెనక రెండు కార్లు నిలిచాయి. ఎవరూ హారన్ కొట్టలేదు, నేను కూడా.