కుక్కకి పసుపు రంగు ఉండదు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రెండో రోజు సాయంత్రం నా కారు ముందూ వెనకా ఒకేసారి దెబ్బ తింది. రామవరప్పాడు రింగ్ దాటి బెంజ్ సర్కిల్ వైపు వస్తున్నాను. మహానాడు కూడలి ఇంకా రాలేదు. ముందున్న ఆటో అతను రోడ్డు పక్కన చెయ్యెత్తిన ఆవిడని చూసి, ఇండికేటరూ లేదు పాడూ లేదు, ఉన్నచోటే ఆపేశాడు. నేను బ్రేక్ తొక్కాను. ఆగిందిలే అనుకునేలోపు ముందు టక్కుమంది. హమ్మయ్య, చిన్నదే అనుకునేలోపు వెనక నుంచి దబ్బుమంది. చూస్తే కోళ్ల దాణా బస్తాల మినీ వ్యాను.

ఎవరికీ ఏం కాలేదు. ఆటోలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు దిగి, డబ్బులు కూడా ఇవ్వకుండా ఇంకో ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ఆ బేరం పోయిన కోపం కూడా అతను నా మీదే చూపించాడు.

"ఏంటి మేడమ్, ముందు ఆటో కనపడట్లేదా?"

"నువ్వు నడిరోడ్డు మీద ఆపితే ఎలా బాబూ?"

ఇలా రెండు మూడు మాటలు అయ్యాక అసలు విషయానికి వచ్చాడు. అయిదు వేలు అన్నాడు. ఆటో వెనక బంపరు కాస్త లోపలికి నొక్కుకుంది, అంతే. వెనక హారన్లు. హైవే మీద సాయంత్రం అయిదున్నర అంటే ఎలా ఉంటుందో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. చివరికి 1,500 ఫోన్‌పే చేశాను. తర్వాత ఇంటికొచ్చి పాలసీ కాగితం మొదటిసారి చదివితే అందులో ఉంది: కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకోకూడదు, ఎదుటివాళ్లకి డబ్బులిస్తానని మాట ఇవ్వకూడదు అని. రోడ్డు మీద నిలబడి ఎవరు చదువుతారండీ అవన్నీ?

ఇక వ్యాను డ్రైవరు. పాపం చిన్న కుర్రాడు. నా డిక్కీ డోరు చొట్ట చూసి వాడి మొహం నా కన్నా ఎక్కువ పాలిపోయింది. "ఓనరుతో మాట్లాడండి మేడమ్" అని ఫోన్ చేతిలో పెట్టాడు. ఓనరు గారేమో "ఇన్సూరెన్సు ఉంది కదమ్మా, చేయించుకోండి" అన్నాడు. ఎవరి ఇన్సూరెన్సు అని అడిగేలోపు పెట్టేశాడు. నయం, వ్యాను నంబరూ, మూడు బళ్లు అలాగే నిలబడి ఉండగా నాలుగు ఫోటోలూ తీసుకున్నాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మా ఆయన జీవిత బీమా ఏజెంటు. ఇరవై రెండేళ్లుగా ఆయనకి తెలిసిందల్లా మనిషి పోతే ఎంతొస్తుంది, ఉంటే ఎంతొస్తుంది అని. బంపరు పోతే ఎంతొస్తుందో ఆయనకీ తెలియదు. కానీ ఇన్సూరెన్సు అనే మాట వినపడితే చాలు, ఊళ్లో చుట్టాలందరికీ ఆయనే పెద్దదిక్కు. ఆయన అన్న మొదటి మాట: "వెనక గుద్దినవాడి ఇన్సూరెన్సులో క్లెయిమ్ చేద్దాం. తప్పు వాడిది కదా."

న్యాయంగా అదే నిజం. పటమటలో మేం ఎప్పుడూ సర్వీసుకిచ్చే షోరూములో అడ్వైజరు కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. వ్యానుకున్న థర్డ్ పార్టీ పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా ఉంటుంది. కానీ ఆ డబ్బు కావాలంటే పోలీసు కేసు, ఆ పైన మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, లాయరు, వాయిదాలు. డిక్కీ చొట్ట కోసం ఎవరూ కోర్టు మెట్లెక్కరు. అందుకే ఇక్కడ గుద్దినవాడూ గుద్దించుకున్నవాడూ ఎవరి పాలసీలో వాళ్లే 'ఓన్ డ్యామేజి', అంటే సొంత బండికి అయిన నష్టం, క్లెయిమ్ పెట్టుకుంటారు. ఆ ఓన్ డ్యామేజి అందరికీ ఉండదు. చట్టప్రకారం తప్పనిసరి థర్డ్ పార్టీ ఒక్కటే.

ఆ తేడా మా స్కూలు సైన్సు టీచరుకి 2024 సెప్టెంబరులో బాగా తెలిసొచ్చింది. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఆవిడ కారు సీట్ల దాకా నీళ్లలో ఉంది. వాళ్లది ఉత్త థర్డ్ పార్టీ. పైసా రాలేదు. పక్కింటాయనకి ఫుల్ ఇన్సూరెన్సు, అంటే ఓన్ డ్యామేజి కూడా, ఉంది కానీ, నీళ్లు తియ్యగానే స్టార్ట్ అవుతుందేమో అని తాళం తిప్పాడు. ఇంజిన్ పట్టేసింది. మునగడం వరద వల్ల, ఇంజిన్ పోవడం మాత్రం తాళం తిప్పడం వల్ల అన్నారట. ఆ కథ వినీ నేను నా పాలసీ తీసి చూసుకోలేదు, అది వేరే సంగతి.

నాది ఫుల్ ఇన్సూరెన్సే. 2021 జూన్‌లో కొన్న స్విఫ్ట్. టోల్ ఫ్రీకి ఫోన్ చేస్తే క్లెయిమ్ నంబరు మెసేజ్ వచ్చింది. ఆర్‌సీ, పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్సు పట్టుకుని షోరూముకి వెళ్లాం. అడ్వైజరు అలవాటుగా మా ఆయన వైపు తిరిగి, "సార్, బండి మీరే నడిపారు కదా, మీ లైసెన్సు ఇవ్వండి" అన్నాడు. ఆడవాళ్లు నడిపి ఉంటారని అతనికి తట్టలేదు. మా ఆయన కూడా అలవాటుగా పర్సు తీసి ఇచ్చేశాడు. అతను చూసి మెల్లగా తిరిగిచ్చేశాడు. "సార్, ఇది ఎక్స్‌పైర్ అయి ఆరు నెలలైంది."

ఆరు నెలలుగా ఈయన గుంటూరు, తెనాలి, ఏలూరు తిరుగుతున్నాడు అదే కారులో, జనానికి రిస్కు గురించి చెప్పడానికి. ఆ సాయంత్రం స్టీరింగ్ దగ్గర ఆయనే ఉంటే క్లెయిమ్ అక్కడే ఆగిపోయేది. నేనేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టినట్టుంది, ఇంటికెళ్లే దాకా మాట్లాడలేదు.

క్లెయిమ్ ఫారంలో 'ప్రమాదం ఎలా జరిగింది' అని నాలుగు గీతల ఖాళీ ఉంటుంది. నేను పెన్ను తీసేలోపే అడ్వైజరు, "కుక్క అడ్డం వచ్చిందని రాయండి మేడమ్, వెనక్కి తీస్తూ గోడకి తగిలిందని రాయండి. అందరూ అదే రాస్తారు. ఆటో, వ్యాను అంటే ప్రశ్నలు ఎక్కువ" అన్నాడు. నిజంగా గుద్దిన బండి ఉండగా లేని కుక్కని ఎందుకు తేవాలో నాకు అర్థం కాలేదు. అదీగాక కుక్క ముందు నుంచి, గోడ వెనక నుంచి అంటే అవి రెండు ప్రమాదాలు. రెండు ప్రమాదాలైతే రెండు క్లెయిములు. ప్రతి క్లెయిముకీ మన వాటాగా ముందే కోసుకునే వెయ్యి రూపాయలుంటాయి, 1500 సీసీ లోపు కార్లకి. రెండుసార్లు కోసుకుంటారు. లెక్కల టీచరుని కాబట్టి ఇది మాత్రం వెంటనే తట్టింది. జరిగింది జరిగినట్టే రాశాను. నాలుగు గీతలు సరిపోక మార్జిన్‌లో కూడా రాశాను.

చిన్న దెబ్బలకి ఇప్పుడు వీడియో కాల్‌లోనే చూసేస్తున్నారట. మాకు మాత్రం నష్టం లెక్కగట్టే సర్వేయరు గారు మనిషే వచ్చారు. అరవై దాటిన మనిషి, జేబులో చాక్‌పీసు. ఆ చాక్‌పీసు చూడగానే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నా ఫారం చదవలేదు. ముందు కారు చుట్టూ ఒకసారి మౌనంగా తిరిగారు. ముందు బంపరు దగ్గర వంగి, కుడివైపు గీత మీద గోరుతో గీకి, ఆ గోరు వెలుతుర్లో పెట్టి చూసుకున్నారు. పసుపు రంగు. ఆటో రంగు.

"ఏం జరిగిందమ్మా?"

చెప్పాను. ఆయన వెనక్కి వెళ్లి డిక్కీ చొట్ట దగ్గర జేబులోంచి చిన్న టేపు తీసి నేల నుంచి ఎత్తు కొలిచారు. అప్పుడు ఫారం తీసి చదివి, నవ్వారు.

"ఇవాళ పొద్దున్నుంచి మూడు కార్లు చూశానమ్మా. మూడింటికీ కుక్కే. ఒకదాని బంపరుకైతే ఇదే పసుపు. కుక్కకి పసుపు రంగు ఉండదు కదా."

అడ్వైజరు ఫోన్ వచ్చినట్టు పక్కకి వెళ్లిపోయాడు. నేను గొప్పగా నిలబడ్డాను కానీ ఆ గొప్ప రెండు నిమిషాలే. ఎడమ వెనక డోరు మీద ఒక పొడుగాటి గీత ఉంది. ఎప్పుడో బీసెంట్ రోడ్డు పక్క సందులో పార్కింగ్‌లో ఎవరో గీసిపోయారు. ఎలాగూ పెయింటు వేస్తారు కదా, దాన్నీ కలిపేద్దామని మా ఆయన అంతకుముందే అడ్వైజరుతో అన్నాడు, నేను విననట్టు ఊరుకున్నాను. సర్వేయరు ఆ గీత మీద బొటనవేలు నడిపించారు. లోపల మట్టి, దాని కింద ఎర్రగా తుప్పు. "ఇది పాతదమ్మా. ఆటో ముందు, వ్యాను వెనక. పక్క నుంచి ఎవరూ రాలేదు కదా?" అని చాక్‌పీసుతో దాని చుట్టూ సున్నా చుట్టి, మధ్యలో ఇంటూ కొట్టారు. పరీక్ష పేపరు మీద కొట్టినట్టే.

డిక్కీ డోరు కొత్తది వెయ్యాలని షోరూమువాళ్లు ఎస్టిమేట్ వేశారు. ఆయన ఒప్పుకోలేదు, చొట్ట తీస్తే సరిపోతుందన్నారు. అదీ ఒకందుకు మంచిదే అయింది. ఇనప భాగం మారిస్తే నా కారు వయసుకి, అంటే నాలుగేళ్లు దాటి అయిదు లోపు, పాతబడిందని దాని ధరలో 35 శాతం తరుగు తీసేస్తారు. ప్లాస్టిక్‌కి అయితే కారు కొత్తదైనా పాతదైనా సగం. అద్దానికి మాత్రం తరుగు లేదు. బంగారం కొట్లో తరుగు అంటే బేరమాడతాం, ఇక్కడ ఆ ముచ్చట లేదు. ఈ తరుగేమీ లేకుండా పూర్తిగా ఇచ్చేదే 'జీరో డెప్'. కిందటి జూన్‌లో రెన్యువల్ అప్పుడు అది తీసేయించి 1,800 మిగిల్చానని మా ఆయన సంబరపడ్డాడు.

పన్నెండు రోజులకి బండి వచ్చింది. బిల్లు 26,000. అందులో రెండు బంపర్లు, ఒక హెడ్‌లైటు కలిపి 10,600. అన్నీ ప్లాస్టిక్ కిందే లెక్క, కాబట్టి 5,300 నా నెత్తిన. పెయింటింగ్ 9,000. దాంట్లో పావు వంతు రంగు ఖరీదు అనుకుని, అందులో సగం కోస్తారు, 1,125. క్లిప్పులు, స్క్రూలు 275 కంపెనీకి సంబంధం లేదు. ముందే చెప్పిన వెయ్యి. మొత్తం నేను కట్టింది 7,700, కంపెనీ షోరూముకి నేరుగా ఇచ్చింది 18,300. క్యాష్‌లెస్ అనే మాట ఎవరు పెట్టారో కానీ 7,700 క్యాషే కట్టాను.

అయినా పద్దెనిమిది వేలు వచ్చాయి కదా అని ఆనందంగానే ఉన్నాం. ఆ ఆదివారం పదో తరగతి పేపర్లు దిద్దుతూ, ఎందుకో పాత పాలసీలు తీసి చూశాను. నో క్లెయిమ్ బోనస్ అని ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లని బట్టి 20, 25, 35, 45, ఆఖరికి 50 శాతం ప్రీమియం తగ్గింపు. నాకు ఈ ఏడు 45 ఉంది, వచ్చే జూన్‌కి 50 కావాల్సింది. ఇప్పుడు సున్నా. మళ్లీ 20 నుంచి ఎక్కాలి. దిద్దిన పేపరు వెనక వేశాను లెక్క. ఓన్ డ్యామేజి ప్రీమియం 7,600 అనుకుంటే, పోగొట్టుకునేది మొదటి ఏడాది 50 శాతం, తర్వాత 30, 25, 15, 5. కూడితే 125 శాతం. 9,500. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి ఎనిమిది వేలు అనుకోండి. కట్టిన 7,700 కలిపితే 15,700.

ఆటోనగర్‌లో మా ఆయనకి తెలిసిన మేస్త్రీ మొదటి రోజే చూసి, బంపర్లు అతికించి, హెడ్‌లైటు సెకండ్ హ్యాండ్‌ది వేసి, చొట్ట తీసి, పెయింటు కొట్టి 11,000కి ఇస్తానన్నాడు. అతికించిన బంపరు ఏంటండీ అసహ్యంగా, ఇన్సూరెన్సు ఉండగా, అని నేనే వద్దన్నాను.

ఆ పేపరు మా ఆయనకి చూపించాను. రెండుసార్లు చదివి, "మరి ముందే వెయ్యాల్సింది కదే ఈ లెక్క, లెక్కల టీచరువి" అన్నాడు. లైసెన్సు మాట అప్పుడు తీశాను.

దరఖాస్తు పెట్టాడు, ఇంకా చేతికి రాలేదు. అందాకా పొద్దున్నే నాకు దారి కాకపోయినా బందరు రోడ్డులో ఆయన్ని ఆఫీసు దగ్గర దింపి బడికి వెళ్తున్నాను. ఆయన ఎక్కేది ఎడమ వెనక డోరు నుంచే, బ్యాగు, పాలసీ ఫారాలు ఒళ్లో పెట్టుకుని. ఆ గీత, దాని చుట్టూ చాక్‌పీసు సున్నా సగం చెరిగి ఇంకా అలాగే ఉన్నాయి. కారు కడిగే అబ్బాయికి తుడవద్దని నేనే చెప్పాను.