పట్టా లేని ఇంటికి పట్టా

తిరుపతిలో మంగళం వైపు మా అత్తగారి ఇల్లు. కుళాయి ఉంది, మీటరు ఉంది, ఇంటి పన్ను తప్పకుండా కడుతున్నాం. స్థలం మాత్రం ప్రభుత్వానిది. 2025 జనవరిలో వచ్చిన జీవో 30 మాలాంటి వాళ్ల కోసమే. అభ్యంతరం లేని ప్రభుత్వ స్థలంలో 2019 అక్టోబరు 15కు ముందే ఇల్లు కట్టుకున్న పేదలకు 150 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తారు. పట్టా ఆడవాళ్ల పేరుమీదే. చెరువు, కాలువ పోరంబోకు అయితే ఆశ వదులుకోవలసిందే.

సచివాలయంలో దరఖాస్తు ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. అసలు చిక్కంతా ఆ తేదీతోనే. అత్తగారి ఓటరు కార్డును అక్కడి అమ్మాయి పక్కన పెట్టేసింది. "మనిషి కాగితం కాదక్కా, ఇంటి కాగితం కావాలి" అంది. పన్ను రసీదో, కరెంటు బిల్లో ఉండాలట. రెండూ మామగారి పేరుమీద ఉన్నాయి, ఆయనేమో లేరు. అందుకని మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయాల్సి వచ్చింది.

కరెంటు బిల్లులన్నీ అత్తగారు బీరువాలో తేదీల వారీగా దారం కట్టి దాచారు. విప్పి చూస్తే తెల్ల కాగితాలు! మిషను బిల్లుల మీది అక్షరాలు కొన్నేళ్లకే ఎగిరిపోతాయి. ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే సర్వీసు నంబరు లీలగా కనిపించింది. కరెంటు ఆఫీసులో ఆ నంబరు చెబితే పాత చెల్లింపుల వివరాలు తీసి, ముద్ర వేసి ఇచ్చారు. పేదవాడి ఇంటి వయసు ప్రభుత్వం దగ్గరే ఉన్నప్పుడు, దాన్ని మళ్లీ మన చేతే ఎందుకు మోయిస్తారో!

తర్వాత సర్వేయరు, వీఆర్వో వచ్చి టేపు పట్టారు. బాత్రూము గోడ దగ్గర సర్వేయరు ఆగాడు. "ఇది మా ఆయన కట్టించింది నాయనా" అన్నారు అత్తగారు. "వీధిలోకి వచ్చిందమ్మా. దీన్ని కూడా రాస్తే ఫైలే ఆగిపోతుంది" అన్నాడతను. బాత్రూము వదిలేసి కొలిచారు. అత్తగారు ఆ పూట అతనికి కాఫీ ఇవ్వలేదు.

పట్టా వచ్చింది. పూర్తి యాజమాన్య హక్కులకు ఇంకా రెండేళ్లు ఆగాలి. పైన ఒక గది వేద్దామన్న మా ఆలోచనా అప్పటిదాకా ఆగింది.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. మా వెనక పోర్షనులో అద్దెకుండే ఆవిడ హోటలు వంటగదిలో పని చేస్తుంది. ఆ తేదీకి ముందు నుంచే ఇక్కడ ఉంటోంది. కానీ ఈ జీవో గోడలు లేపినవాళ్లను చూస్తుంది, అద్దె కట్టినవాళ్లను చూడదు. ఆవిడ ఇంటి స్థలం కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకవేళ ఊరికి దూరంగా స్థలం ఇస్తే, తెల్లవారకముందే మొదలయ్యే హోటలు పనికి ఎలా వస్తుంది? పైగా ఆవిడ బియ్యం కార్డు ఇంకా పుత్తూరు చిరునామాతోనే ఉంది. ముందు దాన్ని ఇక్కడికి మార్పించే పనిలో ఉన్నాం.