చెయ్యి ఇంకా చెట్టు మీదనే ఉన్నదా?

ఎండాకాలంలో తొక్కు మామిడికాయల కోసం నర్సంపేట దగ్గర మా ఊరికి వెళ్ళాను. బాపుకు చెయ్యి పైకెత్తితే భుజం పట్టేస్తోంది, అందుకని చిక్కం కట్టిన బొంగు ఈసారి నా చేతికొచ్చింది. మొదటి అరగంట నా అవస్థ చూడాలి. కాయ ఒకచోట, చిక్కం ఇంకోచోట, ఆకులు మాత్రం దండిగా రాలుతున్నాయి. బాపు గోనెసంచి మీద కూర్చుని "కాయను చూడురా, బొంగును చూస్తవేంది" అంటున్నాడు.

గంట తిరిగేసరికి బొంగు సంగతే మర్చిపోయాను. కాయ ఆకుల చాటున ఉన్నా సరే, చిక్కం అంచుకు తొడిమ తగిలితే అది నా అరచేతిలో కాదు, అక్కడే, పదడుగుల పైన తగిలినట్టు తెలుస్తోంది. కొంచెం మెలేసి గుంజితే టప్పున తెగుతుంది, కాయ చిక్కంలో పడ్డ బరువు కూడా అక్కడే తెలుస్తుంది.

ఇంటికొచ్చి నీళ్ళ చెంబు అందుకోబోతే చెయ్యి ముందే పోయి గుద్దుకుంది, నీళ్ళన్నీ గడప దాకా పారాయి. "చెయ్యి ఇంకా చెట్టు మీదనే ఉన్నదా?" అన్నాడు బాపు. ఎగతాళికే అన్నాడు గానీ, నాకు ఎప్పుడో చదివిన కోతుల ప్రయోగం గుర్తొచ్చింది.

1996లో జపాన్‌లో అత్సుషి ఇరికి, ఆయన తోటివాళ్ళు మకాక్ కోతులకు ఒక కర్రతో దూరంగా ఉన్న తిండిని దగ్గరికి లాక్కోవడం నేర్పారు. మెదడులో నడినెత్తి వెనక ఉండే పరైటల్ భాగంలో కొన్ని కణాలుంటాయి, చేతిని ముట్టుకున్నా స్పందిస్తాయి, చేతి దగ్గరికి ఏదైనా వస్తుంటే చూసి కూడా స్పందిస్తాయి. కోతి కాసేపు కర్రతో పని చేశాక ఆ కణాలకు 'చేతి దగ్గర' అంటే కర్ర చివరి దాకా అయిపోయింది. అదే కర్రను ఊరికే పట్టుకుని కూర్చుంటే మాత్రం ఏమీ మారలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, పట్టుకున్న కర్ర వేరు, పని చేసే కర్ర వేరు.

ఇంకోటి కొంచెం బాధగా ఉంటుంది. 2000లో ఇటలీలో అన్నా బెర్తి, ఫ్రాన్సెస్కా ఫ్రాసినెట్టి ఒక రోగి గురించి రాశారు. స్ట్రోక్ వచ్చాక ఆమెకు ఎడమవైపు ఉన్నది గమనానికి రాదు, అదీ దగ్గర్లో ఉన్నవాటి విషయంలోనే. దూరంగా ఉన్న గీతకు సరిగ్గా నడుమ ఎక్కడుందో లైట్ పాయింటర్‌తో చూపించమంటే బాగానే చూపించింది. అదే గీతను పొడుగు కర్రతో చూపించమంటే మళ్ళీ కుడివైపుకు జరిగిపోయింది. కర్ర అందేసరికి దూరం కాస్తా దగ్గరైంది, దగ్గరి జబ్బు కూడా కర్రతోపాటే అక్కడిదాకా పాకింది!

మరి మా చెంబు? 2009లో ఫ్రాన్స్‌లో లూసిల్లా కార్డినాలి బృందం మనుషుల చేత పొడుగు పట్టకారు లాంటి దానితో వస్తువులు తీయించి, దాన్ని పక్కన పెట్టించాక ఉత్త చేతుల కదలికలు కొలిచింది. చెయ్యి నిజంగానే పొడుగైనట్టు కదిలాయట. అయినా చెంబు పడింది దానివల్లేనని నేను ప్రమాణం చేయను, ఆకలి మీద కూడా ఉన్నాను, ఎండ వేరే.

చేతిలోని కర్ర దాకా ఒళ్ళు పెరిగినట్టు మెదడు లెక్కేసుకుంటుందన్న ఈ మాటను ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఒళ్ళేమీ పొడుగు కాదు, మన ధ్యాస కర్ర చివరికి పోతుందంతే అంటారు. ఉండొచ్చు. కానీ 2018లో ల్యూక్ మిల్లర్ వాళ్ళ ప్రయోగంలో జనం చేతిలోని కర్రకు ఎక్కడ దెబ్బ తగిలిందో చూడకుండానే చెప్పేశారు, కర్ర వణికే తీరును బట్టి. తొడిమ తగిలిన చోటు బొంగు నాకు చెప్పింది ఇట్లాగేనేమో.

అసలు ఒళ్ళు చర్మం దగ్గరే ఆగదన్న ఈ మాట చాలా పాతది. 1911లోనే హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్లు, ఆడవాళ్ళ ఒంటి ఎరుక టోపీలోని ఈక దాకా పోతుందని రాశారు. మనకు టోపీ ఎందుకు, బతుకమ్మ లేదా? సద్దుల నాడు మా వదిన హనుమకొండలో నెత్తిమీద మూరెడు బతుకమ్మతో ఇంట్లోంచి బయటికొస్తుంది, దర్వాజ దగ్గర పైకి చూడనైనా చూడదు, మోకాళ్ళు ఎంత వంచాలో అంతే వంచి, ఒక్క తంగేడు పువ్వు రాలకుండా దాటేస్తుంది. అదే దర్వాజకు నా హెల్మెట్ వారానికోసారి తగులుతుంది. ఈసారి ఆమెను దగ్గరుండి గమనించాలి, ఎందుకు చూస్తున్నానో మాత్రం చెప్పను, పని చేయమంటుంది.