తూము చుట్టూ ఇసుక పరిచిన రోజు

పొద్దున్నే మొదటి పని, ఊటను కొలిచే వి-నాచ్ దగ్గర గేజి చూడటం. మా జలాశయం మట్టికట్ట పాదం వెంబడి వచ్చే ఊటనీరంతా ఒక చిన్న కాల్వలో కలుస్తుంది. దాని చివర తొంభై డిగ్రీల కోణంలో కోసిన రేకు అడ్డంగా నిలబెట్టి ఉంది. ఆ కోతలో నీరు 5 సెంటీమీటర్లు నిలిస్తే సెకనుకు ముప్పావు లీటరు పైచిలుకు పోతున్నట్టు, 6 నిలిస్తే 1.2 లీటర్లు. ఒక్క సెంటీమీటరుకే ప్రవాహం ఒకటిన్నర రెట్లయిందంటే, చదవడంలో చిన్న పొరపాటు కూడా లెక్కను తారుమారు చేస్తుంది. అందుకే స్కేలు కోతకు ఆనించి పెట్టకూడదు. అక్కడ నీరు అప్పటికే వంగి దిగుతుంటుంది. పాతిక సెంటీమీటర్లు వెనక్కి, నీరు సమంగా ఉన్నచోట చదవాలి. వారానికోసారి బకెట్టూ స్టాప్‌వాచీతో సరిచూసుకుంటే రేకు అడుగున నాచు పేరుకున్న సంగతి కూడా బయటపడుతుంది.

ఇవాళ 5 దగ్గరే ఉంది. మరమ్మతు కోసం జలాశయం మట్టం దింపుతున్నాం కాబట్టి ఊట తగ్గాలి, తగ్గింది కూడా. మట్టం దిగినా ఊట దిగకపోతే, లేదా మట్టం కదలకుండా ఊట పెరిగితే, లోపల ఎక్కడో దారి వెడల్పవుతోందన్నమాట. రిజిస్టర్లో ఊట ఒక్కటే రాసి వదిలేస్తే ఆ తేడా ఎప్పటికీ తెలియదు. పక్కనే ఆనాటి జలాశయం మట్టం, ముందురోజు వాన, నీటి రంగు ఉండాలి. రంగుకు కంటిచూపు చాలదు. గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున మట్టి పేరుకుందో లేదో తేలిపోతుంది.

మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది. నడుమ ఎంత మంచి బంకమట్టి గోడ కట్టినా చుక్క చుక్కగా నీరు దాటుతూనే ఉంటుంది. నీరు రావడం జబ్బు కాదు, మట్టిని వెంటబెట్టుకుని రావడం జబ్బు. మేం చేస్తున్న మరమ్మతు అంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తోంది. నీటిని పోనివ్వాలి, మట్టిని మాత్రం కదలనివ్వకూడదు.

మట్టం దింపడానికి కూడా తొందర పనికిరాదు. రోజుకు ముప్పై సెంటీమీటర్లు మించకుండా దింపుతున్నాం. ఎగువ వాలు మట్టి ఏళ్ల తరబడి నీళ్లు తాగి ఉంటుంది. బయటి నీరు ఒక్కసారిగా తీసేస్తే లోపలి నీరు అంత వేగంగా బయటికి రాలేదు. వాలును ఇటునుంచి ఆనుకుని ఉన్న బలం పోతుంది, లోపలి బరువూ ఒత్తిడీ అలాగే ఉంటాయి. అప్పుడు వాలు ముక్కముక్కలుగా జారుతుంది. బాగుచేయడానికి పోయి కట్టను కూల్చుకోవడం అంటే అదే.

ఇక అసలు పని తూము దగ్గర. పాత మట్టికట్టల్లో తూము గొట్టం వెళ్లే దారే అన్నిటికంటే అనుమానించాల్సిన చోటు. గుండ్రటి గొట్టం కింది చంకల్లోకి రోలర్ పోదు, దిమ్మిస కూడా సరిగా తగలదు. అక్కడ మట్టి వదులుగా ఉండిపోతుంది. గొట్టం కుంగదు, పక్క మట్టి కుంగుతుంది, మధ్యలో సన్నని ఖాళీ ఏర్పడుతుంది. ఎగువ నుంచి దిగువకు తిన్నగా ఒక దారి సిద్ధమైనట్టే. పైగా పాతకాలపు మడతల ఇనుప గొట్టాలు తుప్పు పట్టి చిల్లులు పడతాయి. వాల్వు ఎక్కడుందో కూడా చూడాలి. దిగువ చివర ఉంటే గొట్టంలో ఎప్పుడూ నిండు ఒత్తిడి ఉంటుంది, చిల్లులోంచి నీరు కట్టలోకి చిమ్ముతుంది. ఎగువన ఉంటే గొట్టం ఖాళీగా ఉంటుంది, చుట్టూ ఉన్న తడిమట్టి చిల్లులోంచి గొట్టంలోకి జారుతుంది. కొన్నాళ్లకు ఆ పైన వాలు మీద గుంత పడుతుంది. వాలు మీద కారణం తెలియని గుంత కనిపిస్తే దాన్ని పూడ్చే ముందు గొట్టంలోకి కెమెరా పంపాలి.

ఒకప్పుడు గొట్టం చుట్టూ కాంక్రీటు పట్టీలు కట్టేవారు, నీటి దారి పొడవవుతుందని. ఇప్పుడు ఆ పద్ధతి వదిలేశారు. పట్టీల మధ్య ఇరుకులో మట్టి ఇంకా వదులుగా మిగిలిపోవడమే కారణం. దాని బదులు గొట్టం దిగువ భాగంలో చుట్టూ ఇసుక గోడ కడతారు. గొట్టం వెంబడి వచ్చిన నీరు ఆ ఇసుకలోకి చేరి కిందికి దిగి కంకర కాలువలోంచి బయటపడుతుంది. నీటితో వచ్చిన మట్టి రేణువులు ఇసుక ముఖం దగ్గరే ఆగిపోతాయి. మొదట కొన్ని పెద్ద గింజలు ఆగుతాయి, వాటి సందుల్లో చిన్నవి ఆగుతాయి, అలా ఆ దారి తనంతట తానే మూసుకుంటుంది.

ఇవాళ పరిచింది ఆ ఇసుకే. గొట్టం వెలుపలి వ్యాసానికి మూడు రెట్ల దూరం అటూ ఇటూ, అంతే ఎత్తు పైకి వచ్చేలా కందకం తవ్వి ఉంచాం. గోడ మందం మీటరు. ఇసుక ఎంపికకు లెక్క ఉంది. కట్ట మట్టిలో 85 శాతం రేణువులు ఏ సైజుకు లోబడి ఉన్నాయో చూడాలి. ఇసుకలో 15 శాతం గింజలు ఏ సైజుకు లోబడి ఉన్నాయో అది మొదటిదానికి నాలుగు రెట్లు దాటకూడదు. మట్టి ఇంజనీరింగుకు ఆద్యుడైన కార్ల్ టెర్జాగీ కాలం నుంచి వస్తున్న నియమం ఇది. ఇసుక కలిసిన ఒండ్రు, బంకమట్టులకు ఇంకా సులువైన హద్దు ఉంది: ఆ 15 శాతం సైజు 0.7 మిల్లీమీటర్లు మించకూడదు. మంచి కాంక్రీటు ఇసుక చాలావరకు ఇందులో ఇముడుతుంది.

ఇముడుతుందని జల్లెడ పట్టకుండా తీసుకోకూడదు. ఇవాళ వచ్చిన మొదటి లోడు వెనక్కి పంపాం. 75 మైక్రాన్ల జల్లెడ దాటిన దుమ్ము 7 శాతం ఉంది. పరిచిన తర్వాత 5 శాతం లోపు ఉండాలంటే లారీలో వచ్చేటప్పుడు 3 దాటకూడదు, ఎత్తడంలో, దించడంలో, తొక్కడంలో గింజలు నలిగి దుమ్ము పెరుగుతుంది. దుమ్ము ఎక్కువైతే రెండు నష్టాలు. నీరు పారదు, ఇసుకకు పట్టు వస్తుంది. పట్టున్న ఇసుక బీటలు వారుతుంది, ఆ బీట అలాగే నిలబడుతుంది. ఫిల్టరు ఇసుకకు ఆ గుణం ఉండకూడదు, దాని లోపల ఖాళీ పడితే వెంటనే కూలి పూడిపోవాలి. దీనికి చిన్న పరీక్ష ఉంది. తడి ఇసుకను డబ్బాలో గట్టిగా కూరి, బోర్లించి, ఆరబెట్టి, ఆ ముద్దను వెడల్పు పళ్లెంలో పెట్టి నెమ్మదిగా నీళ్లు పోయాలి. నీరు పైకెక్కుతుండగానే ముద్ద అంచులు జారి కుప్పలా పడిపోవాలి. రెండో లోడు ముద్ద అలాగే పడిపోయింది. మొదటి లోడుది నీళ్లలో కూడా మూలలు విరగకుండా నిలబడింది.

పరిచేటప్పుడు జరిగే తప్పులు ఎక్కువగా ఇసుకవి కావు, పక్క మట్టివి. లారీ చక్రాలకు అంటిన బంకమట్టి ఇసుక మీద పడితే ఆ పొర అక్కడికక్కడే మూత అయిపోతుంది. అందుకే ఇసుకను పక్క మట్టి కంటే ఎప్పుడూ ఒక పొర ఎత్తులో ఉంచాం, వాన పడ్డా మట్టినీరు ఇసుకలోకి రాకుండా. మీటరు కంటే ఎత్తునుంచి గుమ్మరిస్తే ముతక గింజలు అంచులకు దొర్లిపోతాయి, కాబట్టి బకెట్టును కిందికి దించి వదిలాం. ఒక్కో పొర 20 సెంటీమీటర్లు, బాగా నీళ్లు కొట్టి, పలక వైబ్రేటర్‌తో రెండుసార్లు. ఇసుకను అంతకంటే ఎక్కువ తొక్కితే గింజలు పగులుతాయి. అడుగున కంకరలో చిల్లుల గొట్టం వేశాం. చిల్లు కంటే కంకర గింజ పెద్దదిగా ఉండాలి. చుట్టూ ఫిల్టరు గుడ్డ చుట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు కానీ చుట్టలేదు. కట్ట లోపల, మళ్లీ తవ్వలేని చోట గుడ్డ మూసుకుపోతే దాన్ని మార్చే దారి లేదు.

మధ్యాహ్నం ఇసుక గోడ పక్కన మట్టి నింపడం మొదలైంది. పాత వాలు మీద కొత్త మట్టి ఊరికే పోస్తే రెండిటి మధ్య జారే పొర మిగిలిపోతుంది, కాబట్టి వాలును మెట్లుగా కోసి, పైన గీరి, తడిపి, అప్పుడు పోయాలి. పొర 15 సెంటీమీటర్లు. ఎంత తేమ దగ్గర మట్టి బాగా గట్టిపడుతుందో చూసే ప్రాక్టర్ పరీక్షలో ఈ మట్టికి గరిష్ఠ పొడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.72 గ్రాములు, దానికి తగిన తేమ 17 శాతం వచ్చాయి. కోరేది అందులో 95 శాతం, అంటే 1.63 పైన. మూడో పొరలో నమూనా తీసే ఇనుప గొట్టం, అంటే కోర్ కట్టర్, దించితే 1.55 వచ్చింది, అంటే 90 శాతం. రోలర్ డ్రైవరు "ఇంకో నాలుగుసార్లు తిప్పమంటారా సార్?" అని అడిగాడు. తిప్పినా లాభం లేదు. తేమ 13.5 శాతమే ఉంది, పొడి మట్టి గడ్డలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలుస్తాయి తప్ప నలిగి కలవవు. పొరంతా గీరి, నీళ్లు చల్లి, అరగంట నాననిచ్చి తొక్కాక తేమ 17.5కు, సాంద్రత 1.64కు వచ్చింది. కాస్త తడి వైపు ఉండటమే మేలు. పొడిగా తొక్కిన బంకమట్టి చూడటానికి గట్టిగా ఉంటుంది, కానీ పెళుసు. కట్ట కుంగినప్పుడు పగులుతుంది, నీరు తగిలినప్పుడు కుదించుకుపోతుంది.

మట్టి స్వభావం కూడా ముందే తేల్చుకోవాలి. కొన్ని బంకమట్టులు నీళ్లలో వేస్తే ముద్దగా ఉండవు, పొగలా విడిపోతాయి. స్వేదనజలం ఉన్న గ్లాసులో చిన్న పెడ్డ వేసి పది నిమిషాలు చూస్తే చాలు, చుట్టూ మబ్బు కమ్మిందా లేదా తెలుస్తుంది. అలాంటి మట్టి ఏ చిన్న పగులులోనైనా కరిగిపోతుంది. సున్నం కలపాలి, లేదా వేరే మట్టి తేవాలి.

పాత గొట్టం లోపల హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టం దూర్చి, రెండిటి మధ్య గ్రౌట్, అంటే జారుడు సిమెంటు ముద్ద, నింపే పని ఇంకా మిగిలి ఉంది. ప్లాస్టిక్ గొట్టం తేలిక కనుక గ్రౌట్ పోస్తుంటే పైకి తేలి పాత గొట్టం కప్పుకు అంటుకుంటుంది. లోపల నీళ్లు నింపి, కాళ్లు అమర్చి, దఫదఫాలుగా పోయాలి. ఒత్తిడి పెంచితే గ్రౌట్ చిల్లుల్లోంచి కట్టలోకి చొరబడి మట్టిని చీలుస్తుంది.

కట్ట మీది చెట్లు, ఎలుక బొరియల పని ముందే అయింది. చెట్టును కొట్టి మొద్దు వదిలేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. వేళ్లు కుళ్లాక ఆ ఖాళీలు సొరంగాలవుతాయి. మొద్దుతో సహా పెద్ద వేళ్లన్నీ తీసి, గుంతను పొరలుగా తొక్కి నింపాలి. బొరియల్లోకి తొమ్మిది పాళ్లు మట్టి, ఒక పాలు సిమెంటు కలిపిన జారుడు ముద్ద పోశాం.

అలుగు మీద నాకు ఎప్పుడూ బెంగే. మట్టికట్టలు తెగడానికి దాదాపు సగం కారణం లోపలి కోత, మరో సగం పైనుంచి నీరు పొర్లడం. 1889 మే 31న అమెరికాలోని జాన్స్‌టౌన్ పట్నం మీద సౌత్ ఫోర్క్ కట్ట తెగి 2,200 మందికి పైగా పోయారు. ఆ కట్ట శిఖరాన్ని అంతకుముందే తగ్గించారు, నీరు వదిలే గొట్టాలు తీసేసి మళ్లీ వేయలేదు, చేపలు పోకుండా అలుగుకు జాలీలు బిగించారు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛూ-2 కట్ట మీదుగా వరద పొర్లి మోర్బీని ముంచింది. నీరు ఇంకాస్త నిలుస్తుందని అలుగు మీద పలకలు పెట్టడం, ఇసుక బస్తాలు పేర్చడం ఎక్కడ కనిపించినా అదే రోజు తీయించాలి. ఇక్కడ కట్ట పైభాగాన్ని లెవెల్ పెట్టి చూస్తే నడుమ 22 సెంటీమీటర్లు కుంగి ఉంది. వరద పొర్లితే మొదట అక్కడే పొర్లుతుంది, నీరంతా ఆ ఒక్కచోటికే చేరి కోస్తుంది. దాన్ని ఎత్తేటప్పుడు పైభాగాన్ని జలాశయం వైపు కాస్త వాలుగా ఉంచితే వాననీరు దిగువ వాలును కోయదు.

సాయంత్రం రాత్రి కాపలావాళ్లతో కూర్చున్నాం. దిగువన బురదనీరు పొంగుతూ కనిపిస్తే దాని నోట్లో బంకమట్టి కుక్కొద్దని మళ్లీ చెప్పాం. అక్కడ మూస్తే లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట పగులుతుంది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆ పైన పెద్ద కంకర వేయాలి. పొంగు చిన్నదైతే చుట్టూ బస్తాలు పేర్చి నీటిమట్టం కొంచెం పెరగనివ్వాలి. నీరు తేటపడగానే బస్తాలు పేర్చడం ఆపాలి, పూర్తిగా ఆగిపోయేదాకా పేర్చకూడదు. 1976 జూన్ 5న ఐడహోలో టీటన్ డ్యామ్ దగ్గర ఉదయం ఏడున్నర ప్రాంతంలో బురద ఊట కనిపించింది, మధ్యాహ్నం పన్నెండు కాకముందే 93 మీటర్ల కట్ట తెగిపోయింది. బుంగలోకి మట్టి తోయబోయిన రెండు బుల్‌డోజర్లు అందులోకే జారిపోయాయి, నడిపేవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. పదకొండు మంది చనిపోయారు. బురద కనిపించాక మిగిలే సమయం గంటల్లోనే ఉంటుందని మాకు పాఠం చెప్పేది ఆ కట్టే.

అందుకే కంకర మోయడం మొదలుపెట్టే ముందు ఫోను చేయాలని తేల్చుకున్నాం. ఒకరు బుంగ దగ్గర, ఒకరు ఫోను దగ్గర. పిలవాల్సిన వరస గోడ మీద అంటించాం: వరద ముందుగా చేరే ఊరు ముందు, తర్వాతవి ఆ తర్వాత. ముంపు పటంలో ఒక్కో ఊరికి నీరు చేరే సమయం రాసి ఉంది. మొదటి ఊరికి నలభై నిమిషాలు. ఆ జాబితాలోని నంబర్లన్నిటికీ ఇవాళ ఫోను చేసి చూశాం. రెండు పనిచేయడం లేదు. మార్చిన నంబర్లు రాసి కొత్త కాగితం అంటించాక, రాత్రి వానొస్తే కందకం మీద కప్పడానికి టార్పాలిన్లు, గట్టు మీద ఆరు ఘనమీటర్ల ఫిల్టరు ఇసుక, అంతే కంకర ఉన్నాయని సరిచూసి కాపలా అప్పగించాం.